నొప్పి పోయిందని రాశాను... మళ్లీ వచ్చింది, ఏం చేయను?

ప్రశ్న: నా వయసు 46. పత్రికలకు కథలు, సీరియళ్లు రాస్తాను. ఏడేళ్లుగా ఒళ్లంతా నొప్పులు. ఫైబ్రోమయాల్జియా అన్నారు. పరీక్షలన్నీ నార్మల్. టాబ్లెట్లతో మత్తుగా ఉండి రాయలేక హోమియో, ఆక్యుపంక్చర్, రేకీ అన్నీ చూశాను. రెండేళ్ల క్రితం ఒక ప్రకృతి చికిత్స శిబిరంలో పది రోజులు ఉండి టాబ్లెట్లు పూర్తిగా మానేశాను. తర్వాత ఒక వైద్యుడు ఇచ్చిన నల్ల మాత్రలతో మూడు వారాల్లో నొప్పి మాయమైంది. ముఖం కాస్త ఉబ్బింది, అంతే. ఆ సంతోషంలో మందుల్లేకుండా గెలిచానని పెద్ద వ్యాసం రాశాను. పాఠకులు ఇప్పటికీ ఫోన్ చేసి ఆ వైద్యుడి అడ్రసు అడుగుతున్నారు. మాత్రలు అయిపోయిన రెండు నెలలకే నొప్పి తిరగబెట్టింది. పాత చీటీతో టాబ్లెట్లు కొని ఎవరికీ తెలియకుండా వేసుకుంటున్నాను. చనిపోయిన మా అమ్మ మీద కోపం వదలకపోవడం వల్లే ఈ నొప్పి అంటుంది రేకీ నేర్పే ఆవిడ. మా వారు 'రిపోర్టులన్నీ బాగున్నాయిగా, అంతా నీ మనసులోనే ఉంది' అంటారు. అత్తగారు మొక్కుకున్నారని నిరుడు సింహాచలం గిరి ప్రదక్షిణకు బయల్దేరి మధ్యలో ఆగిపోయాను. నేను పాఠకులను మోసం చేశానా? రాయడం మానేయాలా?
– ఓ రచయిత్రి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరం ఐదు పేజీలు. మొదటి రెండు పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, వరసగా ఉన్నాయి. మూడో పేజీకి వచ్చేసరికి గీత దిగి కిందికి జారాయి. నాలుగో పేజీలో మాటల కంటే కొట్టివేతలే ఎక్కువ. ఐదో పేజీ దస్తూరీయే వేరు. 'వేళ్లు పట్టేశాయి, ఇక్కణ్నుంచి మా అమ్మాయి రాస్తోంది' అని పైన ఓ మూల రాశారు. ఏ స్కానింగూ చూపించనిది ఆ ఐదు పేజీల్లో నాకు కనిపించింది. మీ నొప్పిని నేను పూర్తిగా నమ్ముతున్నాను. ఏడేళ్లలో ఈ మాట మీకు ఎంతమంది చెప్పి ఉంటారో! అందుకే ముందు అదే చెబుతున్నాను.

మీ రెండు ప్రశ్నలకు వస్తాను. కానీ మీరు అడగనిది ఒకటుంది, దానికే తొందర ఎక్కువ. ఆ నల్ల మాత్రలు. పేరు లేదు, లేబుల్ లేదు, కాగితం పొట్లంలో కట్టిచ్చారని రాశారు. ఏళ్ల నాటి నొప్పి మూడు వారాల్లో మాయమై, ముఖం ఉబ్బి, మాత్రలు అయిపోయాక మళ్లీ మొదలైందంటే, వాటిలో స్టెరాయిడ్ కలిపారేమోనన్న అనుమానం ఏ డాక్టరుకైనా వస్తుంది. కలిపారని నేను అనడం లేదు, పరీక్ష చేయకుండా ఎవరూ అనలేరు. కానీ తేల్చుకోకుండా వదిలేసే విషయం కాదిది. భయం స్టెరాయిడ్ ఒక్కదానితోనే కాదు. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడింది. దుకాణంలో పెట్టి అమ్మిన వాటి సంగతే అది. పొట్లంలో కట్టిచ్చిన వాటికి పూచీ ఎవరు?

ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక్క మాత్ర మిగిలున్నా పొట్లంతో సహా పట్టుకెళ్లండి. ఎన్ని నెలలు వాడారో, రోజుకు ఎన్నో దాచకుండా చెప్పండి. బీపీ, షుగర్, కాలేయం, కిడ్నీలు, అవసరమనుకుంటే రక్తంలో సీసం, వాళ్లు చూస్తారు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఇలాంటి మాత్రలు వాడుతుంటే వాళ్లకూ ఒక మాట: కంగారుపడి ఇవాళే ఆపేయకండి. స్టెరాయిడ్ చాలా రోజులు వాడి హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు.

శిబిరంలో మూడో రోజు తల తిరిగి, వాంతులై, రెండు రాత్రులు కన్ను మూతపడలేదని రాశారు. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయని అక్కడివాళ్లు ధైర్యం చెప్పారట. అప్పటిదాకా మీరు వాడుతున్నవి డులాక్సెటిన్, ప్రెగాబాలిన్. రెండూ ఒక్కసారిగా మానకూడని మందులే. మానితే తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, ఆందోళన, అన్నీ రావచ్చు. అది విషం పోవడం కాదమ్మా, అలవాటైన మందు అందక ఒళ్లు పడ్డ అవస్థ అయ్యుంటుంది. ఇప్పుడు పాత చీటీతో మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టారు. అదీ సరికాదు. మత్తు వల్ల రాయలేకపోతున్నానని మీ డాక్టరుకు ఒక్కసారైనా చెప్పారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. వేసుకునే వేళ మార్చడం, మోతాదు తగ్గించడం, మందు మార్చడం, ఇన్ని దారులున్నాయి. అడగకపోతే వాళ్లకు తెలియదు.

చదువుతుంటే నాకు బాగా కోపం వచ్చింది మీ అమ్మగారి ప్రస్తావన దగ్గర. ఆవిడ మీద మీకు కోపం ఉందేమో. ఉంటే ఉండనివ్వండి. తల్లి మీద కోపం లేని కూతుళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఆ కోపం గురించి మాట్లాడుకుంటే మనసు తేలికపడొచ్చు, ఆ రాత్రి నిద్ర బాగా పట్టొచ్చు, నిద్రపడితే మర్నాడు నొప్పి కాస్త తగ్గొచ్చు. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ 'నువ్వు క్షమించలేదు కాబట్టి నీకు నొప్పి' అనడం వైద్యం కాదు. నొప్పితో ఉన్న మనిషి నెత్తిన నేరం కూడా పెట్టడం. చేత్తో తాకి, కాసేపు నెమ్మదిగా కూర్చోబెట్టే ఆ రేకీ మీకు హాయిగా ఉంటే ఉంచుకోండి. తప్పు మీదేనని నమ్మించే మాటను మాత్రం లోపలికి రానివ్వకండి.

ఆయుర్వేదాన్ని ఇష్టంగా చదివానని రాశారు కదా, అందులోదే ఒక మాట చెప్తాను. చరకుడు రోగాలను తేలిగ్గా నయమయ్యేవి, కష్టపడితే నయమయ్యేవి, యాప్యాలు, వైద్యుడు చేతులెత్తేసేవి అని విడదీశాడు. యాప్యం అంటే పూర్తిగా పోదు, కానీ తగిన చికిత్స, పథ్యం, నడవడి ఉన్నంతకాలం అదుపులో ఉంటుంది, మనిషి బతుకు సాగుతుంది. సుశ్రుతుడు దీనికే ఒక పోలిక చెప్పాడు. పడిపోబోయే ఇంటిని సరిగ్గా పెట్టిన ఊత ఎలా నిలబెడుతుందో, యాప్య రోగిని తగిన చికిత్స అలా నిలబెడుతుందట. నాకు ఈ పోలిక చాలా ఇష్టం. ఊత పెట్టిన ఇంట్లో వంట చేసుకుంటాం, పిల్లలను పెంచుకుంటాం, పండగలు చేసుకుంటాం. ఊత ఉందని సిగ్గుపడం. మీ టాబ్లెట్ ఒక ఊత, మీరు ఇప్పటికీ చేస్తున్నానని రాసిన వావిలాకు నీళ్ల స్నానం ఒక ఊత. ఒకటి గెలుపు, ఇంకోటి ఓటమి అని మీ వ్యాసం విడదీసింది. ఆ విడదీయడమే ఇవాళ మిమ్మల్ని దొంగచాటుగా మాత్ర మింగేలా చేసింది.

మా అమ్మకు మోకాళ్ల వాతం. పాత చీర చెంగు చింపి, కల్లుప్పు మూటగట్టి, ఇనప పెనం మీద వేడిచేసి కాపడం పెట్టేవాళ్లం. మూట మోకాలికి ఆనగానే అమ్మ ఒక నిట్టూర్పు విడిచేది. ఆ నిట్టూర్పు నాకు ఇంకా వినిపిస్తుంది. అరిగిన కీలు తిరిగి రాలేదు, కానీ ఆ రాత్రికి నిద్ర వచ్చేది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నొప్పి మెదడుకు చేరే దారిలో ఒక తలుపులాంటిది ఉంటుందని, రుద్దినప్పుడు, తాకినప్పుడు అది కొంత మూసుకుంటుందని సిద్ధాంతం చెప్పారు. మన ముసలమ్మల మర్దనకు ఆ తలుపు ఎక్కడుందో అలవాటుగానే తెలుసు.

2016లో ఐరోపా కీళ్ల వైద్య నిపుణుల సంఘం ఫైబ్రోమయాల్జియాకు ఉన్న చికిత్సలన్నిటినీ పరిశీలించి, గట్టిగా సిఫార్సు చేసింది ఒక్క వ్యాయామాన్నే. యోగా వంటివి, ఆక్యుపంక్చర్, వేడినీళ్ల చికిత్స కొంత మేలు చేయొచ్చంది. మందులకు కూడా అంతకుమించి మార్కులు వేయలేదు. అంటే మీరు వెతుకుతున్న ఆ ఒక్క మందు ఎవరి దగ్గరా లేదు. ఒళ్లు తేలిక చేసేవి ఏవైనా చిన్న చిన్నవి కలుపుకుంటూ పోవడమే. ఉన్న మందు ఆపమనేవాళ్లనూ, మీతో అప్పు చేయించేవాళ్లనూ, పూర్తిగా నయం చేస్తామని మాట ఇచ్చేవాళ్లనూ దగ్గరికి రానివ్వకండి.

వ్యాయామం అన్నాను కదా అని మళ్లీ గిరి ప్రదక్షిణకు వెళ్లకండి. అది 32 కిలోమీటర్లు. కొండ దిగువ నుంచి అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దాకా నడిచి, ఎంవీపీ కాలనీలో మీ సందు మొగదల కూలబడ్డానని రాశారు. అప్పటికే సగం దూరం దగ్గర దగ్గర! నొప్పితో అంత దూరం వచ్చిన మనిషిని అప్పన్న తప్పుపడతాడా? వారం మంచం దిగకపోవడానికి కారణం భక్తి లోపం కాదు. బాగున్న రోజు పదిరోజుల పని చేసేసి, మర్నాటి నుంచి పడిపోవడం ఈ జబ్బులో చాలామంది చేసే పొరపాటు. పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే వేళకి వెళ్తే ఉక్క కూడా ఉండదు. బాగున్న రోజూ పదే, బాగోలేని రోజు ఐదు. రెండు వారాలకి ఒకటో రెండో నిమిషాలు పెంచండి. అత్తగారితో, 'మొక్కు నా తరఫున మీరు తీర్చండి, నేను మెట్ల దగ్గర దణ్ణం పెట్టుకుంటాను' అనండి. ఆవిడ మీ మంచి కోరే మొక్కుకున్నారు, అర్థం చేసుకుంటారు.

రాయడమూ అంతే. ఫోన్లో ఇరవై నిమిషాలకు అలారం పెట్టి, మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా లేవండి. వేళ్లు మొండికేసిన రోజు ఫోన్‌లో తెలుగులో చెబితే అదే టైపు చేస్తుంది. మొదట్లో తప్పులు చికాకు పెడతాయి, నెలకు అలవాటవుతుంది. సీరియల్ వారం వారం వద్దు, నాలుగు భాగాలు చేతిలో ఉన్నాకే మొదలుపెడతానని సంపాదకులకు చెప్పండి.

ఇక మీ వారు. ఆయనను నేను చెడ్డవాడనను. రిపోర్టులో ఉన్నదే ఉన్నట్టు అని చదువుకున్న మనిషి. ప్రపంచంలో నొప్పిని అధ్యయనం చేసే నిపుణుల సంఘం 2020లో తన నిర్వచనం సవరించినప్పుడు ఒక మాట చేర్చింది: ఒక మనిషి నాకు నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో ఇప్పుడు దీర్ఘకాలిక నొప్పికి దానికంటూ ఒక చోటుంది. ఫైబ్రోమయాల్జియా అందులోనే ఉంది. నరాల వ్యవస్థ నొప్పిని పెద్ద గొంతుతో వినిపిస్తోంది, ఎమ్మారైలో గొంతు కనిపించదు. ఈసారి డాక్టరు దగ్గరికి ఆయనను తప్పనిసరిగా తీసుకెళ్లండి. మీ నోటి నుంచి విన్నది ఆయనకు ఫిర్యాదులా వినిపిస్తోంది, డాక్టరు నోటి నుంచి వింటే వేరుగా ఉంటుంది.

నాలుగో పేజీలో మీరు కొట్టేసిన వాక్యం ఒకటి నాకు కనిపించింది. దాన్ని ఇక్కడ రాయను. అలాంటి రాత్రి మళ్లీ వస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, పైసా ఖర్చుండదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. డాక్టరుకు ఈ మాట కూడా చెప్పండి.

మోసం చేశారా అని అడిగారు. లేదు. రాసిన రోజున మీకు అది నిజం. కానీ ఇప్పుడు ఆ మాత్రల మీద అనుమానం వచ్చాక కూడా ఫోన్ చేసినవాళ్లకు అడ్రసు ఇస్తే, అది వేరే విషయం. అడ్రసు ఇవ్వడం ఈరోజు నుంచే ఆపండి. రాయడం మాత్రం మానొద్దు. మొదటి వ్యాసం ఎక్కడ అచ్చయిందో అక్కడికే రెండోది పంపండి. నొప్పి తిరిగి వచ్చిందనీ, ముఖం ఉబ్బిందనీ, టాబ్లెట్లు వేసుకుంటున్నాననీ, అయినా వావిలాకు నీళ్లు మానలేదనీ రాయండి. నమ్మినవాళ్లలో కొందరు కోప్పడతారు. ఎంతోమంది ఆ రాత్రి తమ పొట్లం తీసి చూసుకుంటారు.

ఆ రెండో వ్యాసం మొదటి పేజీ మీరు రాయండి. వేళ్లు పట్టేస్తే మీ అమ్మాయికి చెప్పి రాయించండి. ఐదో పేజీ చివర, మీరు సంతకం పెట్టాక, మీ అమ్మాయి దస్తూరీతోనే ఇంకో లైను ఉంది, మీరు చూశారో లేదో: 'అమ్మ ఇది పంపదేమోనని నేనే పోస్టు చేస్తున్నాను.'