పదో తరగతి రాసిన బాబు బట్టల షాపులో చేరొచ్చా?

ప్రశ్న: మా బాబు పదో తరగతి పరీక్షలు రాశాడు. మార్చిలో పదహారు నిండాయి. ఇంటర్ కాలేజీ తెరిచేదాకా కోఠిలో ఓ బట్టల షాపులో చేరతానంటున్నాడు. ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా డ్యూటీ, నెలకు 9 వేలు. మధ్యలో సేటు స్కూటీ మీద వెళ్లి ఆల్టరేషన్ బట్టలు టైలర్లకు ఇచ్చి రావాలట. మెమో ఒరిజినల్ తమ దగ్గరే ఉంచాలట. రెండు నెలలు చేయకుండా మానేస్తే డబ్బు వెనక్కి కడతామని బాండ్ కూడా అడుగుతున్నారు. మా పన్నెండేళ్ల పాప బేగంబజార్‌లో మా తమ్ముడి ఫ్యాన్సీ షాపుకి వెళ్తానంటోంది. ఇవేమైనా తప్పవుతాయా?
- ఓ పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బాబు పని చేయడం తప్పు కాదమ్మా. ఆ డ్యూటీ టైమే తప్పు.

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. దాని ప్రకారం 14 నిండి 18 నిండని పిల్లలను గనులు, పేలుడు పదార్థాలు, మండే పదార్థాలు, ప్రమాదకరమైన ప్రక్రియల్లో తప్ప మిగతా పనుల్లో పెట్టుకోవచ్చు. అంటే బట్టల షాపు ఫరవాలేదు, దీపావళికి టపాసుల షాపులో మాత్రం కుదరదు.

అయితే అదే చట్టం వాళ్లకు పని గంటలు కూడా కొలిచి పెట్టింది. వరసగా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. ఆ తర్వాత కనీసం గంట విరామం ఇవ్వాలి. ఆ విరామంతో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. మీ బాబు 10కి వెళ్తే ఒంటిగంట దాకా పని, రెండు దాకా భోజనం, నాలుగింటికి ఇంటికి. అంతే. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అసలు పనే లేదు, ఓవర్‌టైం లేదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పెళ్లిళ్ల సీజన్‌లో ఏ సేటూ ఈ లెక్కకు సంతోషంగా ఒప్పుకోడు, అది నాకూ తెలుసు. కానీ ఈ గంటలు మీరితే నెల వరకు జైలో, 10 వేల వరకు జరిమానానో, రెండూనో పడేది షాపు యజమానికే, మీ బాబుకు కాదు. ఆ మాట ఆయనకు మర్యాదగానే చెప్పి, టైం మార్చమని అడగండి.

ఇక స్కూటీ. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇదే. పదహారేళ్లకు లైసెన్స్ వచ్చేది గేర్లు లేని, 50 సీసీ దాటని బండికే. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే పెట్రోల్ స్కూటీల్లో ఎక్కువ 110, 125 సీసీవి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే గార్డియన్‌కు గానీ బండి ఓనర్‌కు గానీ మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా రాదు. రెండు నెలల జీతం కోసం తొమ్మిదేళ్ల లైసెన్స్ పోగొట్టుకుంటాడా? ఆల్టరేషన్ బట్టలు వేరే ఎవరైనా తీసుకెళ్తారు.

బాండ్ గురించి భయపడకండి. మైనర్ రాసిచ్చిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ వాళ్ల కాలంలో మనకు అన్నిటికంటే పై కోర్టు, తేల్చేసింది. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసినా అంతే. కాకపోతే మీరు గానీ, వాళ్ల నాన్నగారు గానీ "నష్టం నేను కడతాను" అని సంతకం పెట్టకండి, మీరు మైనర్లు కారు కదా. మధ్యలో మానేసినా పని చేసిన రోజులకు జీతం అడగొచ్చు. జీతం ప్రతి నెలా బాబు ఖాతాలో వేయించుకుంటే తర్వాత గొడవ ఉండదు.

మెమో జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ వద్దు. రెండేళ్ల కిందట ఒక తండ్రి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. కాలేజీ అడ్మిషన్‌కు మర్నాడే ఆఖరు తేదీ, మెమో ఏమో షాపు బీరువాలో, బీరువా తాళం చెవి ఊరెళ్లిన సేటు జేబులో. ఫోన్ల మీద ఫోన్లు చేసి రాత్రి పదకొండింటికి తెప్పించాం.

పాప సంగతి వేరు. 14 ఏళ్ల లోపు పిల్లలు ఎక్కడా ఉద్యోగం చేయకూడదు. సినిమాలు, టీవీల్లో నటించడానికి షరతులతో మినహాయింపు ఉంది. రెండోది, సొంత కుటుంబ వ్యాపారంలో స్కూలు అయ్యాకో సెలవుల్లోనో సాయం చేయడం. చట్టం చెప్పే కుటుంబంలో అమ్మానాన్నలు, తోబుట్టువులతో పాటు అమ్మ, నాన్నల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. కాబట్టి మేనమామ లెక్కలోకి వస్తాడు. తాతగారి పేరు మాత్రం అందులో లేదు, ఎందుకో ఆ రాసినవాళ్లకే తెలియాలి. కేంద్ర రూల్స్ ప్రకారం ఆ సాయం కూడా రోజుకు మూడు గంటలు మించకూడదు, రాత్రి 7 తర్వాత ఉండకూడదు, డబ్బు సంపాదించే పని కాకూడదు. గాజుల డబ్బాలు సర్దడం, మామయ్యకు మంచినీళ్లు అందించడం దాకా సరే. సేల్స్ గర్ల్ లేని లోటు పాపతో పూడ్చుకుంటే అది సాయం కాదు, పనే. పక్క షాపాయన "కాసేపు మా కౌంటర్ చూడమ్మా" అని పిలిచి కూర్చోబెట్టుకుంటే ఇక ఆయన మీద కేసే. ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.