సరస్సు ఒడ్డున రెండు రాత్రులు: పెద్దవారితో ఆర్‌వీ ప్రయాణం

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాము. మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉండబోతున్నారు. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. అక్టోబరులో ఆర్‌వీ (లోపలే పడకలు, వంటగది, స్నానాల గది ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని, టెక్సాస్, ఓక్లహోమా సరిహద్దులోని టెక్సోమా సరస్సు దగ్గర రెండు రాత్రులు గడపాలనుకుంటున్నాము. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. మాలో ఎవరమూ ఇదివరకు ఆర్‌వీ నడపలేదు. ఏయే విషయాలు ముందుగా చూసుకోవాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు మీ అత్తయ్యగారి మోకాళ్ల సంగతి చూడండి. ఆవిడకు వీలుగా ఉన్న బండి, ఆవిడ నడవగలిగిన చోటు దొరికితే మిగిలినవారికి ఇబ్బంది ఉండదు. బండి చూడటానికి వెళ్లినప్పుడు ఫొటోలతో సరిపెట్టుకోకుండా ఆవిడనూ తీసుకువెళ్లి, మెట్లు ఎక్కించి, స్నానాల గదిలో ఒకసారి నిలబడి చూడమనండి. డ్రైవరు సీటు పైభాగాన పడక ఉండే క్లాస్ సీ బండి మీ ఆరుగురికీ తగినది. ఆ పై పడకకు నిచ్చెన ఎక్కాలి కాబట్టి దానిని మీ పెద్ద బిడ్డకు ఇచ్చి, పక్కన అడ్డువల తప్పనిసరిగా కట్టండి. వెనుక గదిలోని పడకను పెద్దవారికి వదిలేయండి.

అద్దెకిచ్చేవారు ఎంతమంది పడుకోవచ్చో చెబుతారే గాని, ఎంతమందికి సీటు బెల్టులు ఉన్నాయో అడిగితే తప్ప చెప్పరు. ఈ రెండు లెక్కలూ ఒకటి కావు. టెక్సాస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లలోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటినవారు తప్ప, పిల్లల సీటులోనే కూర్చోవాలి. పక్కకు తిరిగి ఉండే సోఫాకు ఆ సీటును బిగించకూడదు. ముందుకు తిరిగి ఉన్న ఏ సీటుకు దానిని బిగించవచ్చో బండి తీసుకోకముందే తేల్చుకోండి. అద్దెకు దొరికే క్లాస్ సీ బండ్లకు మామూలు కారు లైసెన్సు సరిపోతుంది. బండి ఎత్తును ఒక కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించుకోండి. పెట్రోలు బంకు కప్పు కిందకో, తక్కువ ఎత్తు వంతెన కిందకో వెళ్లబోయే క్షణంలో ఆ అంకె గుర్తుకు రాదు.

మీరు అక్టోబరును ఎంచుకోవడం నాకు నచ్చింది. వరదలను ఆపడానికి రెడ్ నదిపై డెనిసన్ ఆనకట్ట కట్టగా, 1944లో ఏర్పడిన జలాశయమే టెక్సోమా. 1957, 1990, 2007, 2015 సంవత్సరాల్లో నీళ్లు పొర్లుకట్ట మీదుగా పోయాయి. వసంతకాలంలో వానలు దంచికొట్టిన ఏడాది ఒడ్డున ఉన్న క్యాంపు స్థలాలు, అంటే బండి నిలుపుకుని రాత్రి ఉండే చోట్లు, నీట మునుగుతాయి, వేసవిలోనేమో మధ్యాహ్నం పూట పెద్దవారు బండి దిగలేరు. అయితే ఆర్మీ ఇంజినీర్ల విభాగం నడిపే క్యాంపు స్థలాల్లో కొన్నిటిని సెప్టెంబరు చివరికల్లా మూసివేస్తారు. అందువల్ల అక్టోబరుకు తెరిచి ఉండేవాటిని వెతికి, రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో ఆరు నెలల ముందే పట్టుకోవాలి. టెక్సాస్ స్టేట్ పార్కులకు అయిదు నెలల ముందు బుకింగు తెరుస్తారు. 62 ఏళ్లు దాటినవారికి క్యాంపు రుసుములో సగం తగ్గించే జాతీయ సీనియర్ పాస్ అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవారికీ మాత్రమే ఇస్తారు. సందర్శకుల వీసాపై వచ్చిన మీ పెద్దవారికి అది వర్తించదు.

డెనిసన్ దగ్గరి ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కు చాలా అందమైనది, కానీ అక్కడ ఒడ్డు చాలాచోట్ల ఎత్తైన రాతిగట్టు. పై నుంచి నీళ్లను చూడటానికి బాగుంటుంది, దిగి కాళ్లు తడుపుకోవడం మాత్రం మీ అత్తయ్యగారికి కష్టం. పటంలో నీటికి దగ్గరగా కనబడే స్థలం కంటే, సమతలంగా ఉండి మరుగుదొడ్ల భవనానికి దగ్గరగా ఉన్న స్థలమే మీకు మంచిది. స్టేట్ పార్కుల్లో సాధారణంగా ఒక్కో స్థలానికి ఎనిమిది మందికే అనుమతి కాబట్టి, మరో కుటుంబాన్ని పిలవాలనుకుంటే పక్క స్థలాన్ని కూడా ఇప్పుడే తీసుకోండి. చీకటి పడకముందే చేరుకోండి. మొదటిసారి మేము రాత్రి తొమ్మిదింటికి చేరి, టార్చిలైటు వెలుగులో బండిని వెనక్కి పెట్టడానికి ముప్పావు గంట తంటాలు పడ్డాము. మా అమ్మ అంతసేపూ చలిలో నిలబడే ఉంది. ఆ తప్పు మీరు చేయవద్దు.

ప్రశ్న: పోయిన నెల ఆర్‌వీలో ఏసీ నడుస్తుండగా ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కరులో) పప్పు పెట్టి, మైక్రోవేవ్‌లో పాలు వేడిచేయబోతే కరెంటు మొత్తం పోయింది. బండిలో లోపమా?

జవాబు: లోపం కాదు, లెక్క. మీరు తీసుకున్నది 30 యాంపియర్ల కనెక్షన్ అయి ఉంటుంది. 120 వోల్టులతో గుణిస్తే మొత్తం 3,600 వాట్లు వస్తాయి. ఏసీకి దాదాపు 1,500, ఇన్‌స్టంట్ పాట్‌కు 1,000, మైక్రోవేవ్‌కు ఇంచుమించు 1,500 పోతే గీత దాటిపోయినట్లే. నీళ్ల హీటరు కూడా కరెంటు మీద నడుస్తుంటే కరెంటు ఇంకా ముందే పోతుంది, హీటరును గ్యాసుకు మార్చుకోండి. చాలా క్యాంపు స్థలాల్లో కరెంటు స్తంభానికి 30 యాంపియర్ల సాకెట్టుతో పాటు 20 యాంపియర్ల మామూలు సాకెట్టు విడిగా ఉంటుంది. ఆరుబయట వాడదగిన మందపాటి వైరుతో దాని నుంచి కరెంటు తీసుకుని, బయట బల్ల మీద వంట చేసుకోవచ్చు. పోపులు ఎలాగూ బయటే పెట్టాలి. ఎండుమిరపకాయల ఘాటు ఆ చిన్న బండిలో పడితే పొగ అలారం మోగుతుంది, రాత్రి దుప్పట్లలోనూ ఆ ఘాటే ఉంటుంది. మొదటి పూటకు ఇంటి దగ్గరే పులిహోర కలిపి తీసుకువెళ్లడం అన్నివిధాలా మేలు.

ప్రశ్న: మురుగు ట్యాంకులంటే భయంగా ఉంది. కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు: రెండు ట్యాంకులు ఉంటాయి. మరుగుదొడ్డి నుంచి వచ్చేది బ్లాక్ ట్యాంకుకు, వంటగది, స్నానం నీళ్లు గ్రే ట్యాంకుకు వెళతాయి. మురుగు కనెక్షన్ ఉన్న స్థలంలో కొత్తవారు చేసే పొరపాటు ఏమిటంటే, గొట్టం తగిలించి బ్లాక్ ట్యాంకు కవాటాన్ని తెరిచి ఉంచేయడం. అప్పుడు నీళ్లు పోయి, మిగతాది అడుగున గట్టిపడుతుంది. కవాటాన్ని మూసే ఉంచి, ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక, చేతి తొడుగులు వేసుకుని ముందు బ్లాక్, తరువాత గ్రే తెరవండి. సబ్బు నీళ్లు వెనుక రావడం వల్ల గొట్టం కడిగినట్లవుతుంది. మనవాళ్లు మగ్గుతో నీళ్లు వాడటం ట్యాంకుకు మంచిదే, నీళ్లు ఎక్కువ ఉంటే అడుగున ఏదీ పేరుకోదు. కాకపోతే అనుకున్నదానికన్నా త్వరగా నిండుతుంది, రోజూ చూసుకోవాలి. పోపు గిన్నెను కాగితంతో తుడిచాకే సింకులో కడగండి. బియ్యం కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో పోయడం మనకు అలవాటు, అక్కడ మాత్రం వద్దు. మెతుకుల కోసం రాత్రి రాకూన్లు (పిల్లికన్నా కాస్త పెద్దగా ఉండే అడవి జంతువులు) వస్తాయి. తాగునీటికి తెల్ల గొట్టాన్ని వేరుగా ఉంచి, మురుగు గొట్టం పెట్టిన అరలో దానిని ఎప్పుడూ పెట్టకండి.

ప్రశ్న: ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు సరస్సులో చేపలు పట్టవచ్చా?

జవాబు: టెక్సాస్ స్టేట్ పార్కు లోపల, ఒడ్డున నిలబడి పట్టడానికి లైసెన్సు అక్కరలేదు. పార్కు బయటకైనా, పడవ మీదికైనా వెళితే లైసెన్సు తీసుకోవాలి. టెక్సోమా చారల బాస్ చేపలకు పేరున్న సరస్సు, కానీ అవి ఎక్కువగా లోతు నీళ్లలో తిరుగుతాయి కాబట్టి చాలామంది పడవ మీద వెళ్లే పడతారు. మనవలను కూడా పడవ ఎక్కిస్తే, 26 అడుగుల కన్నా చిన్న పడవ కదులుతున్నంతసేపూ పదమూడేళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్టు వేసుకునే ఉండాలని టెక్సాస్ చట్టం చెబుతుంది. నాన్నగారికీ ఒకటి తొడిగించండి.