అమ్మ అంత్యక్రియల పూజకు ఏ పఠనాలు?

ప్రశ్న: మా అమ్మగారికి 84 ఏళ్లు. చిత్తూరులో కన్యస్త్రీల హాస్టలులో ముప్పై ఏళ్లు వంట చేశారు. ఇప్పుడు మంచం పట్టారు. గుడిలో జరిగే తన అంత్యక్రియల పూజలో (కతోలిక ఆరాధనలో) బైబిలు నుండి ఏ వాక్యాలు చదవాలో ముందే రాసిపెట్టమని నన్ను అడుగుతున్నారు. మనిషి ఉండగానే ఇదేమి అశుభమని మా ఆవిడ అంటోంది. సి.ఎస్.ఐ. (ప్రొటెస్టంటు) సంఘానికి వెళ్లే మా అన్నయ్య ఒక పఠనం తానే చదువుతానంటున్నాడు. దహనం చేస్తే అస్థికలు స్వర్ణముఖిలో కలపవచ్చా అని తిరుపతిలోని మా బావగారు అడుగుతున్నారు. ఏమి చేయాలి? – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఐదు పదుల జపమాల చెప్పే మనిషి, మొదటి మూడు పూసలతో కలిపి, మరణ సమయమందు తన కొరకు ప్రార్థించమని మరియమ్మను రోజుకు 53 మార్లు అడుగుతుంది. అటువంటి అమ్మగారికి ఈ మాట కొత్తదీ కాదు, అశుభమూ కాదు. రాయమన్నది ఆమే కనుక, ఆమె పక్కన కూర్చుని, ఆమెకు చదివి వినిపిస్తూనే రాయండి.

పూజలో సువిశేషానికి (యేసు జీవితాన్నీ మాటలనూ చెప్పే భాగానికి) ముందు ఒక పఠనం గాని రెండు గాని ఉండవచ్చు. రెండైతే మొదటిది పూర్వనిబంధన నుండి, రెండవది అపోస్తలుల లేఖల వంటి నూతన నిబంధన భాగాల నుండి తీసుకుంటారు, నడుమ కీర్తన పాడతారు. చాలామంది సొలోమోను జ్ఞానగ్రంథము 3:1-9 కోరుకుంటారు. నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నాయని చెప్పే భాగమది. (అన్నగారి బైబిలులో వెదకకండి, అందులో ఉండేవి 66 గ్రంథాలే, ఇది మన కతోలిక బైబిలులోని 73లోనిది.) కానీ ముప్పై ఏళ్లు పరుల పిల్లలకు వండిపెట్టిన తల్లికి నేనైతే యెషయా 25:6-9 ఎంచుతాను. ప్రభువు పర్వతం మీద సకల జనులకూ విందు సిద్ధం చేస్తాడనీ, మరణాన్ని శాశ్వతంగా మ్రింగివేసి అందరి కన్నీరు తుడుస్తాడనీ అక్కడ ఉంది. దానికి జతగా 23వ కీర్తన పాడించండి. అందులోనూ దేవుడే భోజనపు బల్ల సిద్ధం చేస్తాడు. రెండవ పఠనానికి రోమీయులకు 8:31-39 చాలు. సువిశేషంగా మత్తయి 25:31-46, అంటే ఆకలిగొన్నవారికి అన్నం పెట్టినది తనకు పెట్టినట్లేనని ప్రభువు పలికే భాగం, ఆమె జీవితానికి దగ్గరగా ఉంటుంది; అయితే అందులో తీర్పు మాట కూడా ఉన్నందున, అది వింటూ ఆమె బెదిరితే యోహాను 14:1-6కు మారండి. పాస్కా (ఈస్టరు) కాలంలో మొదటి పఠనం కూడా నూతన నిబంధన నుండే తీసుకోవాలి కనుక, యెషయాకు బదులుగా దర్శన (ప్రకటన) గ్రంథము 21:1-7 కూడా రాసి ఉంచండి. కన్నీరు తుడిచే మాట అక్కడా ఉంది.

సువిశేషం గురువు గాని, ఆయన తరువాతి స్థాయి సేవకుడైన డీకను గాని చదువుతారు. మిగిలిన పఠనాలు కతోలికులే చదవాలన్నది నియమం. ఇతర సంఘస్థులకు ప్రత్యేక సందర్భాలలో అనుమతి ఇవ్వగలిగినది మేత్రాణులే (బిషప్పే). అంతదూరం పోనక్కరలేదు. ముందురోజు రాత్రి ఇంట్లో జరిగే జాగరణ ప్రార్థనలో అన్నగారి చేత చదివించండి, ఆయనకూ తృప్తిగా ఉంటుంది. ప్రసంగంలో చనిపోయినవారి గుణగానానికి చోటు లేదు. కుటుంబం తరఫున ఒకరు, సత్ప్రసాదం (పూజలో స్వీకరించే అప్పం) తరువాతి ప్రార్థన ముగిశాక, తుది వీడ్కోలుకు ముందు, క్లుప్తంగా మాట్లాడవచ్చు.

దహనానికి తిరుసభ (కతోలిక సంఘం) 1963లోనే అనుమతి ఇచ్చింది, భూస్థాపననే మేలుగా ఎంచుతుంది. అస్థికలను నీటిలో కలపడం గాని గాలిలో చల్లడం గాని కూడదనీ, పవిత్ర స్థలంలో భద్రపరచాలనీ 2016లో రోము ఇచ్చిన ఉత్తరువు చెబుతుంది. కనుక స్వర్ణముఖి మాట బావగారితో ఇప్పుడే నెమ్మదిగా తేల్చుకోండి. ఆ రోజున శవపేటిక పక్కన తేల్చుకునే విషయం కాదది.

ఆగమన (క్రిస్మసుకు ముందటి), తపస్సు (ఈస్టరుకు ముందటి), పాస్కా కాలాల ఆదివారాలలో అంత్యక్రియల పూజ చేయరు కనుక, రోజు, వేళ విచారణ గురువు (మీ గుడి ఫాదరు) చెప్పినట్లే ఖరారు చేయండి.

ఒక చిన్న సంగతి. ఒక అంత్యక్రియల పూజలో మనవడు ఫోనులో చూసి పఠనం చదువుతుండగా, ఎవరో పరామర్శకు అదే ఫోనుకు కాల్ చేశారు. పాపం, ఆ పిల్లవాడు మళ్లీ ఆ వచనం వెదుక్కునేసరికి గుడిలోని వారి ధ్యాసంతా చెదిరిపోయింది. పఠనాలను పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చువేయించి, ఒక ప్రతి విచారణ గురువుకు ఇచ్చి, ఇంకొకటి అమ్మగారి ప్రార్థన పుస్తకంలో ఆమె చేతనే పెట్టించండి.