రెండేళ్ళ తెల్ల గుర్రానికి నీలి కళ్ళుంటే అది గ్రేనా, అల్బినోనా?

హొసకోటె దగ్గర మీ ఫామ్ కోసం రెండేళ్ళ తెల్ల ఆడగుర్రాన్ని చూశారు, కళ్ళు నీలంగా ఉన్నాయి, బ్రోకరేమో ఇది అల్బినో, చాలా అరుదు అంటున్నాడు, మీ ఫ్రెండేమో కాదు మామూలు గ్రే (ముదురు రంగులో పుట్టి తర్వాత తెల్లబడేది) అంటున్నాడు, ఇద్దరిలో ఎవరి మాట నిజం అన్నది కదా మీ ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇద్దరిదీ తప్పే.

నేను పశువుల డాక్టర్ని కాదు. యలహంక వైపు ఒక చోట ఆరేళ్ళుగా శని ఆదివారాలు స్వారీకి వెళ్తున్నాను, అంతే. మొదటి ఏడాదే అక్కడ పరువు పోగొట్టుకున్నాను కూడా. కొత్తగా ఒక తెల్ల మగగుర్రం వచ్చింది, మూతి గులాబీ రంగులో ఉంది, ముందురోజు రాత్రి నెట్‌లో చదివిన తెలివంతా చూపిస్తూ "ఇది క్రెమెల్లో" (గులాబీ చర్మంతో మీగడ రంగులో ఉండే గుర్రం) అని అందరి ముందూ చెప్పేశాను. మదనపల్లె నుంచి వచ్చిన సైసు ఒకాయన ఉన్నాడు, ఆయన నవ్వి "నీళ్ళు పోసి చూడు సార్, అదే చెప్తాది" అన్నాడు. పైపుతో నీళ్ళు కొట్టగానే తెల్ల గుర్రం కాస్తా మబ్బు రంగులోకి వచ్చేసింది. వెంట్రుకలు తడిసి ఒంటికి అంటుకున్నాయి, కింద ఉన్న నల్ల చర్మం బయటపడింది. అది గ్రే! మరి మూతి గులాబీ ఎందుకంటే, అక్కడ పుట్టుకతో తెల్ల మచ్చ ఉంది. పంచకళ్యాణికి ముఖం మీద, కాళ్ళ మీద తెలుపు ఉంటుంది చూడండి, ఆ తెలుపు కింద చర్మం మామూలుగా గులాబీగానే ఉంటుంది. గ్రే గుర్రం ఒళ్ళంతా తెల్లబడ్డాక వెంట్రుకల్లో ఆ మచ్చ కలిసిపోతుంది, చర్మంలో మాత్రం అలాగే ఉండిపోతుంది. అప్పట్నుంచి మూతి ఒక్కటే చూసి రంగు చెప్పడం మానేశాను. తోక ఎత్తి చూస్తాను, కనురెప్పల అంచులు, పొదుగు దగ్గర చూస్తాను, ఆ తర్వాతే నోరు విప్పుతాను.

మీ ఫ్రెండ్ మాట ఎందుకు కుదరదంటే, గ్రే గుర్రం తెల్లగా పుట్టదు. నల్లగానో ఎర్రగానో పుట్టి, తరచుగా కళ్ళ చుట్టూ ముందు తెల్లబడి, ఏళ్ళ తరబడి మెల్లగా తెల్లగా మారుతుంది, మన జుట్టు నెరిసినట్టు. దీనికి కారణం ఎస్‌టీఎక్స్17 అనే జన్యువులో ఒక ముక్క రెండుసార్లు ఉండటం అని 2008లో స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ వాళ్ళు కనిపెట్టారు. అలాంటి జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వచ్చినా చాలు, అంటే తల్లిదండ్రుల్లో ఒకటైనా గ్రే అయి ఉండాలి. రెండేళ్ళకే పాలలా తెల్లగా ఉండి, పైగా చర్మం కూడా గులాబీ అయితే గ్రే కాదన్నట్టే.

అల్బినో సంగతా? ఎర్ర కళ్ళ అసలు అల్బినో గుర్రాల్లో ఇంతవరకు తేలలేదు, ఆ మాట ధర పెంచడానికి వాడేదే. మీది నీలి కళ్ళు, గులాబీ చర్మం అయితే నా మొదటి అనుమానం ఒంటి రంగును పలచన చేసే క్రీమ్ జన్యువు రెండు కాపీలు, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్క కాపీ ఉంటే ఎర్ర గుర్రం బంగారు రంగు పాలొమినో అవుతుంది, రెండుంటే క్రెమెల్లో. దీన్ని ఎండలో నిలబెట్టి చూడండి, ఒళ్ళు మీగడ రంగులో ఉంటుంది, నుదుట మచ్చ ఉంటే అది దానికంటే తెల్లగా విడిగా కనిపిస్తుంది. అలా తేడా ఏమీ లేకుండా ఒళ్ళంతా కాగితంలా తెల్లగా ఉండి, కళ్ళు గోధుమరంగులో ఉంటే అది కిట్ అనే జన్యువు వల్ల పుట్టుకతోనే వచ్చే తెలుపు, డామినెంట్ వైట్ అంటారు, అది కావచ్చు. మన దగ్గర అమ్మేవాళ్ళు ఇలాంటివాటన్నిటినీ కలిపి "నుక్రా" అనేస్తారు, కళ్ళు వేరు, జన్యువు వేరు అన్న పట్టింపు వాళ్ళకు లేదు.

ఇంకో చిక్కు. ముఖం నిండా తెల్లమచ్చ ఉన్న మామూలు గుర్రానికి కూడా పిల్లికళ్ళు రావచ్చు, కాబట్టి నీలి కన్ను ఒక్కటే సాక్ష్యం కాదు. షాంపేన్ అనే రంగు కూడా ఉంది, పుట్టినప్పుడు నీలి కళ్ళు, తర్వాత తేనె రంగు, గులాబీ చర్మం మీద చుక్కలు, కానీ అది ఎక్కువగా అమెరికన్ జాతుల్లో, మీరు దాని గురించి బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు.

ఖచ్చితంగా తెలియాలంటే జూలు నుంచి కుదుళ్ళతో సహా పీకిన వెంట్రుకలతో డీఎన్ఏ టెస్ట్ చేస్తారు, అమెరికాలో యూసీ డేవిస్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ) వాళ్ళ ల్యాబ్ దీనికి పేరున్నది. కానీ బేరానికి ముందు బకెట్ నీళ్ళు చాలు. తోక మాత్రం ఎత్తి చూడండి. ఒకవేళ గుర్రం గ్రే అని తేలితే, వయసు మీద పడ్డాక అక్కడే నల్ల గడ్డలు రావచ్చు, ఆ చర్మపు కణితుల్ని మెలనోమా అంటారు, 15 ఏళ్ళు దాటిన గ్రేల్లో చాలావాటికి ఉంటుంది. గులాబీ చర్మం అని తేలితే మార్చి ఎండలు మొదలవగానే మూతి కాలి పొక్కులు రావచ్చు, జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాయాలి, మధ్యాహ్నం నీడలో కట్టాలి. మీ ఫామ్‌లో చెట్లున్నాయా, ఇంకా నాటలేదా?