చెయ్యని హత్యని ఎందుకు ఒప్పుకుంటారు? ఎఫ్‌ఏఎస్‌డీ ఉన్న ముద్దాయి కోర్టులో

ప్రశ్న: న్యూజిలాండ్‌లో టెయినా పోరా చెయ్యని హత్యని తన నోటితోనే ఒప్పుకుని ఇరవై ఏళ్లకు పైగా జైల్లో ఉన్నాడని చదివాను. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తాగడానికీ దానికీ సంబంధమేంటి? ఇది శిక్ష తప్పించుకునే సాకు కాదా?

జవాబు: సాకు అనుకునేవాళ్లు ఆ ఒప్పుకోలు ఎలా ఉందో చూడాలండీ. 1993లో పోరాకి పదిహేడేళ్లు. లాయరు లేకుండా నాలుగు రోజులు ప్రశ్నించారు. హత్య జరిగిన ఇల్లు చూపించమంటే ఆ వీధిలోకి తీసుకెళ్లినా చూపించలేకపోయాడు. చివరికి పోలీసులే చూపించారు. అయినా 1994లో శిక్ష పడింది, 2000లో మళ్లీ విచారించినా అదే తీర్పు. మన దగ్గర పోలీసులకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. అక్కడ రికార్డు చేసిన ఇంటర్వ్యూ జ్యూరీ ముందుకే వెళ్లింది. 2015 మార్చిలో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (న్యూజిలాండ్ పాత కేసులకి చివరి అప్పీలు కోర్టు) ఆ శిక్ష కొట్టేసింది. పొంతన లేని ఆ మాటలకి ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ (ఎఫ్‌ఏఎస్‌డీ, అంటే కడుపుతో ఉన్న తల్లి తాగిన మద్యం వల్ల బిడ్డ మెదడుకి వచ్చే శాశ్వత లోపం) నిర్ధారణ తోడయ్యాక, వాటిని నమ్మి శిక్ష వెయ్యడం కుదరదని తేల్చింది.

ఈ సమస్య ఉన్నవాళ్లని ముంచేది వాళ్ల మాటకారితనమే. గలగలా మాట్లాడతారు, అర్థం చేసుకునే శక్తి మాత్రం అంత ఉండదు. జ్ఞాపకంలో ఖాళీ ఉంటే మెదడు అక్కడ ఏదో ఒకటి అల్లి పెడుతుంది. అబద్ధమాడుతున్నానని వాళ్లకే తెలీదు. పైగా ఎదుటివాళ్లని సంతోషపెట్టాలన్న ఆత్రం. "నువ్వక్కడే ఉన్నావు కదా?" అంటే "ఆ" అనేస్తారు. అందుకే "కదా" ప్రశ్నలు అడగకూడదు. "అర్థమైందా?" అనడం కూడా దండగే, జవాబు ఎప్పుడూ "అయింది" అనే వస్తుంది. "మాట్లాడకుండా ఉండే హక్కు నీకుంది" అని చదివాక, అంటే ఏంటో సొంత మాటల్లో చెప్పమనండి. "మీరు అడిగినప్పుడే మాట్లాడాలి" అన్నాడంటే హక్కు అందనట్టే. ఒక్కో వాక్యంలో ఒక్కటే సంగతి చెప్పి, అరగంటకోసారి విరామం ఇవ్వాలి. మర్నాడు మళ్లీ మొదటినుంచీ అడగాలి, నిన్న తెలిసింది ఇవాళ ఉండకపోవచ్చు.

మొహం చూసి పట్టుకోవడం కష్టం. చిన్న కళ్లు, ముక్కు కింద గాడి లేకపోవడం, పల్చటి పై పెదవి, ఈ మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. ఐక్యూ చాలాసార్లు 70 పైనే ఉంటుంది, కాబట్టి బుద్ధిమాంద్యం లెక్కలోకీ రారు. కెనడా 2015 మార్గదర్శకాల్లో మెదడు పనితీరుని పది విభాగాలుగా పరీక్షిస్తారు, కనీసం మూడింటిలో తీవ్రమైన లోపం ఉండాలి. ముఖ లక్షణాలు మూడూ లేకపోతే తల్లి తాగిందన్న ఆధారం కూడా కావాలి. చాలా కేసులు ఆగిపోయేది ఇక్కడే. పాత ఆస్పత్రి కాగితాలు, శిశు సంక్షేమ ఫైళ్లు, పిన్నమ్మల, అమ్మమ్మల వాంగ్మూలాలు తవ్వి తియ్యాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్యాంక్సియా హిల్ బాలల నిర్బంధ కేంద్రంలో 99 మందిని పరీక్షిస్తే 36 మందికి ఈ సమస్య ఉంది. అంతకు ముందు వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలీదు.

బెయిలు ఇంకో ఉచ్చు. తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి, వారానికి రెండు సంతకాలు, ఫలానావాళ్లని కలవొద్దు, సత్ప్రవర్తనతో మెలగాలి... ఇలా పదేసి షరతులు. వేళ మీద పట్టు లేనివాడికి ఇవి నిలవవు. కెనడా లాంటి చోట్ల తప్పినప్పుడల్లా కొత్త కేసు, అసలు కేసు చిన్నదైనా చిట్టా పెరుగుతుంది. రెండు మూడు షరతులు చాలు. సంతకం ఎప్పుడూ వారంలో ఒకే రోజు, ఒకే వేళ పెట్టించండి. ఫోన్లో అలారం ఉంటే సరిపోదు, వెంటబెట్టుకెళ్లే మనిషి పేరు కూడా కాగితం మీద ఉండాలి. "సత్ప్రవర్తన" లాంటి మాట అతనికి గాల్లో రాతే.

ఇక సాకు సంగతి. దీనివల్ల కేసు కొట్టేసేది అరుదు. చాలామందికి తప్పొప్పులు తెలుసు కాబట్టి పిచ్చి అన్న వాదన సాధారణంగా చెల్లదు. పనికొచ్చేది ఎక్కువగా శిక్ష ఖరారు చేసేటప్పుడు. కెనడాలో అల్బర్టా అప్పీలు కోర్టు 2012లో ర్యామ్‌సే కేసులో, లోపం తీవ్రతని బట్టి నైతిక బాధ్యత తగ్గుతుందంది. కానీ ఇది రెండంచుల కత్తి. మెదడు లోపం పోదు కాబట్టి లోపలే ఉంచుదాం అనే జడ్జిలూ ఉంటారు. కోర్టులో నవ్వుతూ కూర్చుంటే పశ్చాత్తాపం లేదని రాసుకుంటారు, ఆ నవ్వు చాలాసార్లు బెదురు. అందుకే నిపుణుడి రిపోర్టు రోగం పేరుతో ఆగకూడదు. ఏ లోపం వల్ల ఆ రోజు ఆ పని చేశాడో, బయటికొస్తే ఎక్కడ ఉంటాడో, రోజూ ఎవరు చూసుకుంటారో ఉండాలి. ఆ చివరి రెండూ లేని రిపోర్టుని ప్రాసిక్యూటరే ఎక్కువ వాడుకుంటాడు.