జ్ఞాపకాలు రాసేవారికి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సింగరేణిల టబ్బులకు బొగ్గు నింపే కోల్ ఫిల్లర్‌గా చేసి దిగిపోయిన. బొగ్గుబాయి బతుకు రాద్దామని కూసున్న. పుట్టినకాడ మొదలువెట్టి పెండ్లి దాక వచ్చేసరికే నోట్‌బుక్కు నిండింది. చదివితే నాకే రుచిస్తలేదు. ఎట్ల?
– ఒక పాఠకుడు, మందమర్రి

జవాబు: పుట్టినకాడ మొదలుపెట్టడమే చిక్కు. ఊహ తెలియని రోజుల సంగతులు మీకు ఇంట్లోవాళ్లు చెప్పినవే. అక్కడ మీరు చూసింది ఏమీ లేదు, అందుకే చప్పగా ఉంది. ఆ నోట్‌బుక్కును పారేయకండి, తారీకులు చూసుకోవడానికి అక్కరకొస్తుంది. కొత్తది తీసి ఒక్క షిఫ్టు రాయండి. మస్టర్ (హాజరు) పడ్డప్పటి నుంచి నెత్తిమీది క్యాప్‌లాంపు తిరిగి ఇచ్చేదాకా, అంతే. తట్ట, బొగ్గు ఎత్తే చెమ్మస్ (పార) ఎక్కడ పెట్టుకునేవారు? టబ్బు నింపడానికి ఎంతమంది, ఎంతసేపు? పైకప్పును తట్టి చూసినప్పుడు గట్టి చప్పుడుకూ డొల్ల చప్పుడుకూ తేడా ఎట్లా తెలిసేది? లోపల తాగే నీళ్లు ఎక్కడివి? బయటివారు అడిగి తెలుసుకోలేనివి ఇవే.

రాశాక ‘చాలా కష్టపడ్డాం’, ‘మరిచిపోలేని రోజులు’ లాంటి మాటలున్న వాక్యాలన్నీ కొట్టేయండి. ఆ చోట చేసిన పని ఉండాలి. బాయి మాటలను మార్చవద్దు. మొదటిసారి వచ్చినప్పుడు అదే వాక్యంలో అర్థం తెలిసేట్టు రాస్తే చాలు, చివర పదాల పట్టీ పెడితే ఎవరూ తిప్పి చూడరు. ఒక షిఫ్టు 1,400 మాటలదాకా వస్తుంది. అటువంటివి 15 అధ్యాయాలైతే వన్ బై ఎయిట్ డెమీ సైజు పుస్తకంలో, పేజీకి 200 మాటల లెక్కన, దాదాపు 105 పేజీలు. మొదటి పుస్తకానికి అంతకన్నా ఎక్కువ వద్దు. పెండ్లి సంగతి ఏదో ఒక షిఫ్టు నడుమ దానంతట అదే వస్తుంది.

ప్రశ్న: మా తాత కాగితాల మీద 1358 ఫసలీ అని ఉంది. అది ఏ సంవత్సరం? నాయనకేమో తారీకులు గుర్తులేవు, ‘జాతర అయిన ఏడు’ అంటాడు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఫసలీ అంటే హైదరాబాద్ రాజ్యంలో సర్కారు కాగితాలకు వాడిన సంవత్సరం. అది ఆజూర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫసలీ అంకెకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 590, ఆ తర్వాతి నెలలకు 591 కలపాలి. 1358 ఫసలీ అంటే 1948 అక్టోబరు నుంచి 1949 అక్టోబరు దాకా. 1949 ఆగస్టులో వచ్చిన జాగీర్ల రద్దు చట్టం మీద ఉన్నదీ ఈ సంవత్సరమే. అందరూ ఒకే అంకె కలిపేసి ఏడాది అటూ ఇటూ అవుతుంటారు, కాబట్టి కాగితం మీద నెల పేరు కూడా చదివించుకోండి.

మీ నాయన మాట పనికిరానిది కాదు. ఆయన అనేది మేడారం జాతరే అయితే, ఈ కాలంలో అది రెండేండ్లకోసారి, సరి సంవత్సరంలో, మాఘ పున్నమి దగ్గర వస్తోంది. మీ లెక్క బేసి సంవత్సరం చూపితే ఎక్కడో తప్పిందేమో చూసుకోండి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1969 తెలంగాణ ఉద్యమం, 1986 ఆగస్టు గోదావరి వరద: వీటికి ముందా, తర్వాతా అని అడగండి. ‘ఎప్పుడు’ అని అడిగితే పెద్దవారు తడబడతారు, ‘అప్పటికి నువ్వు ఏ బడిలో ఉన్నావు’ అంటే చెప్తారు. బడి రిజిస్టరులోని పుట్టిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. జూన్, జులై ఒకటో తారీకులు చాలావరకు పంతులు వేసినవే.

జిల్లాల సంగతి కూడా చూసుకోండి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలొచ్చాయి, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది. అప్పటి పేరే రాసి, ఇప్పటి జిల్లాను ఒక్కసారి చెప్తే చాలు.

ప్రశ్న: పంతులుగా పనిచేసి జ్ఞాపకాలు రాసినవారు మన దిక్కున ఎవరు?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: సామల సదాశివను చదవండి. 1928లో ఆదిలాబాద్ జిల్లాలో పుట్టారు, 2012లో కన్నుమూశారు. చదువు చెప్పడం ఆయన వృత్తి. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ అన్నీ తెలుసు. ఉర్దూ కవి అమ్జద్ రాసిన రుబాయీలను (నాలుగు పాదాల పద్యాలను) తెలుగు చేశారు. హిందుస్తానీ సంగీతం మీది ‘స్వరలయలు’కు 2011 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన జ్ఞాపకాల పుస్తకం ‘యాది’. అందులో తన గురించి తక్కువ, తాను ఎరిగిన మనుషుల గురించి ఎక్కువ. మొదట దాన్ని గమనించండి. ఆ ముచ్చట చెప్పే తీరును అనుకరించబోతే మాత్రం బోర్లాపడతారు.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ను. కాలనీ గ్రంథాలయంలో జ్ఞాపకాలు రాయడం నేర్పాలనుంది.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: పది మందికి మించొద్దు, మించితే అందరి వంతూ రాదు. రెండు గంటల తరగతిలో పది నిమిషాలు మీ మాట, ఇరవై ఐదు నిమిషాలు అక్కడే కూర్చుని రాత, మిగతాదంతా చదివి వినిపించడం. ఇంటి దగ్గర రాసుకొస్తామంటే ఒప్పుకోకండి, సగం మంది ఖాళీ చేతులతో వస్తారు. అంశం చిన్నదిగా ఇవ్వండి: ‘మా ఇంటి పొయ్యి’, ‘మొదటి జీతం’. ‘మా అమ్మ’ అని ఇస్తే అందరూ ఒకే వ్యాసం రాస్తారు.

ఈ తరగతులు చెడేది పొగడ్తలతో. మూడో వారానికి సన్మాన సభలా తయారవుతాయి. విన్నవారు ‘బాగుంది’ అనకూడదు, కళ్లకు కట్టిన చోటేదో, అర్థం కాని చోటేదో చెప్పాలి. చదివినవారు జవాబివ్వకుండా రాసుకోవాలి. నోటితో వివరించడం మొదలుపెడితే ఆ ముచ్చట కాగితం మీదికి ఇక రాదు.

ప్రశ్న: పాలోళ్ల (దాయాదుల) భూమి తగాదా రాయొచ్చా? మా పెదనాయన ఉత్తరాలు అచ్చు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: పేర్లు మార్చినంత మాత్రాన సరిపోదు. ఊరు, వరస చూసి మనిషిని గుర్తుపట్టగలిగితే పేరు రాసినట్టే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం కేసులో నిజమని చూపితే చాలదు, ప్రజలకు మేలు చేసేదని కూడా చూపాలి. చనిపోయినవారి మీద రాసినా బంధువులు కేసు వేయొచ్చు. కాబట్టి మీరు చూసింది, పంచాయితీలో విన్నది రాయండి. ఎదుటివారి మనసులో ఏముందో రాయకండి.

ఉత్తరం కాగితం మీ సొంతమే, కానీ అందులోని రాత మీద హక్కు రాసినవారిది. వారు పోయాక అది వారసులదే. వారు బతికుండగా అచ్చుకాని ఉత్తరమైతే, మొదటిసారి అచ్చయ్యాక 60 ఏండ్లదాకా ఆ హక్కు ఉంటుంది. పెదనాయన పిల్లలతో సంతకం పెట్టించుకుని అచ్చుకివ్వండి. వారు ఒప్పుకోకపోతే ఉత్తరంలోని సంగతిని మీ మాటల్లో చెప్పండి.