తెలుగు మాట్లాడతాం, పుస్తకం మాత్రం కదలదు: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

మీ ప్రశ్న ఇది: "మాది బరంపురం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చదువంతా ఒడియా, ఇంగ్లిష్‌లలో సాగింది. తెలుగు పుస్తకాలు కొంటున్నాను గానీ ఇరవై పేజీలు దాటడం లేదు. రోజూ చదివే అలవాటు ఎలా వస్తుంది?" మాది పర్లాకిమిడి. నాలుగేళ్ల కిందట నా పరిస్థితీ ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మీకు బద్ధకమనో, పట్టుదల లేదనో అనుకోకండి. తెలుగు మీరు మాట్లాడే వేగం వేరు, చదివే వేగం వేరు. అలుపు అక్కడే వస్తోంది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకసారి విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి ఎనిమిది పుస్తకాలు తెచ్చుకున్నాను. అందులో నాలుగు వందల పేజీల నవల ముందు పట్టుకున్నాను. రోజుకు పది పేజీలని నియమం. షాపు కట్టేసి ఇంటికొచ్చాక ఆ పది పేజీలకే గంటన్నర పట్టేది. ఆరో రోజుకి మానేశాను. ఆ తర్వాత బీరువాలో ఆ పుస్తకాలు కనిపిస్తే చాలు, టెన్షన్‌గా ఉండేది.

ఒకరోజు గడియారం చూసుకుంటూ చదివాను. ఒడియా పేజీకి రెండు నిమిషాలు, తెలుగు పేజీకి తొమ్మిది. ఎక్కడ ఆగిపోతున్నానో కూడా అప్పుడే గమనించాను. ఒడియా రాతలో ఎ, ఏ అని రెండు లేవు; ఒ, ఓ కూడా అంతే. అందుకని "మెడ" దగ్గరా "మేడ" దగ్గరా, "కొన" దగ్గరా "కోన" దగ్గరా నా కన్ను ఆగి వెనక్కి వెళ్లేది. ఒత్తుల దగ్గర మరీనూ. అలాంటప్పుడు కథ ఎక్కడ బుర్రకెక్కుతుంది?

దీనికి మందు మా అమ్మ దగ్గర దొరికింది. అమ్మ పుట్టిల్లు టెక్కలి. చిన్నప్పటి నుంచీ వారపత్రికలు వదలకుండా చదివిన మనిషి. సుగర్ వల్ల చూపు మందగించాక అది ఆగిపోయింది. ఒక రాత్రి నా చేతిలో కథల పుస్తకం చూసి, "పైకి చదువు, నేనూ వింటాను" అంది. చదవడం మొదలుపెట్టాను. తడబడితే అమ్మ ఆ మాట అందించేది. సగం అక్షరాలు చూసి నేను తికమకపడుతుంటే, వాక్యం పోకడ బట్టి తనకు ముందే తెలిసిపోయేది. నీళ్లు తాగడానికి లేస్తే, "ఆగిపోనావేటి? తర్వాతేటయింది?" అని అడిగేది. ఎనిమిది పేజీల కథ ఆ రాత్రి పూర్తయింది. తెలుగులో నేను మొదటి నుంచి చివరి దాకా చదివిన మొదటి కథ అదే.

పైకి చదివితే ఒక మేలు ఉంది. కంటికి కొత్తగా ఉన్న మాట చెవికి పాతదే. నోటితో అనగానే "ఓహో, ఇదా" అనిపిస్తుంది. కొన్నాళ్లకు కన్నే ఆ మాటను గుర్తుపట్టేస్తుంది. నాకు నాలుగు నెలల్లో పేజీకి మూడు నిమిషాలకు వచ్చింది. ఆ తర్వాతే మనసులో చదువుకోవడం హాయిగా మారింది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. గిడుగు రామమూర్తి గారు 1880లో పంతులుగా చేరింది పర్లాకిమిడిలోనే. పుస్తకాల్లో రాసే తెలుగు జనం మాట్లాడే తెలుగులా ఉండాలని ఆయన ఏళ్ల తరబడి వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, బడుల్లో తెలుగు తగ్గిపోయింది. కానీ ఆయన ఏ వాడుక భాష కోసం పోరాడారో, కథకులు అందులోనే రాశారు కాబట్టే, ఈ రోజు నేను ఒక కథ పైకి చదివితే అమ్మకు మధ్యలో అర్థం చెప్పక్కర్లేదు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

అందుకే నవలతో మొదలుపెట్టకండి. కథలు పట్టుకోండి. పేజీల లెక్క వదిలేసి, కూర్చుంటే ఒక కథ పూర్తి చేసి లేవండి. కథ పెద్దదైతే రెండు రాత్రులు. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల కోసమే కథానిలయం పెట్టారు. పాత పత్రికల్లోని వేల కథలు స్కాన్ చేసి వాళ్ల వెబ్‌సైట్లో ఉంచారు, డబ్బు కట్టక్కర్లేదు. అయితే పాత అచ్చు కొన్నిచోట్ల మసగ్గా ఉంటుంది. మొదటి రెండు నెలలు పెద్ద అక్షరాల అచ్చు పుస్తకమే నయం. అక్షరం పోల్చుకోవడానికే తంటాలు పడేవాళ్లకి మసక అచ్చు ఇంకో బరువు.

వేళ గురించి ఎక్కువ ఆలోచించకండి. మేం రాత్రి భోజనాలయ్యాక, టీవీ పెట్టకముందు చదువుతాం. టీవీ పెట్టాక కూర్చోవాలని చూశాను, ఒక్కరోజూ కుదరలేదు.

మధ్యలో ఒకసారి అమ్మ రాయగడలో చెల్లి ఇంటికి వెళ్లి మూడు వారాలు ఉండిపోయింది. ఆ మూడు వారాలు నేను పుస్తకం ముట్టలేదు. అప్పుడర్థమైంది, నన్ను రోజూ కూర్చోబెడుతున్నది నా క్రమశిక్షణ కాదు, వినడానికి ఎదురుచూసే మనిషి అని. మీ ఇంట్లో అమ్మమ్మో, నాన్నో, పిల్లలో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి. ఎవరూ లేకపోతే ఫోన్లో రికార్డు చేసి మీవాళ్లకు పంపండి. అమ్మ అక్కడ ఉన్నప్పుడు చెల్లే ఈ ఉపాయం చెప్పింది. ఇప్పుడు అమ్మకు చదువుతూనే రికార్డు చేసి, ఆదివారం ఆదివారం ఒక కథ చెల్లికి వాట్సాప్‌లో పంపుతున్నాను. పంపకపోతే సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈ వారం కథేదీ?" అంటుంది.